ఆట మధ్యలో పిలుపు

నటుడికి కన్నవాళ్ళ కడచూపు దక్కదని మా నాటకాల వాళ్ళలో ఒక మాట ఉంది. ఎవడు పుట్టించాడో గానీ వాడి నోట్లో మన్ను పడ! ఆ ఒక్క మాట పట్టుకునే మా ఆయన పెద్ద నటుడయ్యాడు. చివరికి ఆ మాటే తిరిగొచ్చి ఆయన్ని కాటేసింది. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా ఆయన మినెగిషి సెన్నొసుకె. అది స్టేజీ పేరు. అసలు పేరు కట్టుకున్న నాకే సరిగ్గా నోరు తిరగదు, అంతగా వాడుక తప్పింది. క్యూషూలోనూ ఒసాకాలోనూ నాటకశాల ఉన్న ఏ పేటకైనా వెళ్ళి అక్కడి ముసలమ్మల్ని అడగండి. "అయ్యో, మా సెన్నొసుకెనా!" అని ముందు రుమాలు తీస్తారు, తర్వాత మాట్లాడతారు.

మాది ఊరూరా తిరిగే నాటక సమాజం. నెలకో ఊరు, రోజుకు రెండాటలు, పూటపూటకీ నాటకం మారుస్తాం. నెలాఖరున కత్తులు, విగ్గులు, పరుపులు, బియ్యం మూట, పిల్లాజెల్లా అంతా లారీకెక్కి ఇంకో ఊరు. నేను విగ్గుల మనిషిని. పెళ్ళికి ముందూ అదే పని, ఇప్పుడూ అదే పని. ఒక్కనాడూ ముఖానికి రంగు పూసుకుని జనం ముందుకు రాలేదు. నాకు నటన చేతకాదు. చిన్న అబద్ధమాడినా చెవులు మిరపకాయల్లా ఎర్రబడతాయి. సమాజంలో అందరికీ అదో వేళాకోళం. "ఇసోకో వదిన పచ్చడి బాగుందంటోంది, చెవులు చూడండర్రా!" అనేవాళ్ళు.

మొదటి సంగతి చెప్పాలి. అప్పుడు మేం ఇయిజుకాలో ఆడుతున్నాం. బొగ్గు గనులు మూతపడుతున్న రోజులు, అయినా శాల నిండేది. మా ఆయన అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు. కత్తి దెబ్బ తిని పడిపోయే వేషాలు, దారినపోయే దానయ్య వేషాలు. సమాజం పెద్ద గెన్‌జూరో గారు. ఆయన కొడుకు హీరో. ఆ వారం ఆ కొడుక్కి గొంతు పోయింది. సాయంత్రం ఆటకి హీరో వేషం మా ఆయనకిచ్చారు. ఆయన మురిసిపోతూ పొద్దుట్నుంచీ మెట్ల కింద నిలబడి మాటలు వల్లించుకుంటున్నాడు. మధ్యాహ్నం ఆట అవగానే కబురొచ్చింది. కరత్సులో వాళ్ళమ్మ చావుబతుకుల్లో ఉందని, కొడుకు పేరే కలవరిస్తోందని.

అప్పుడు నేను ఆయన తలకి పట్టుగుడ్డ అంటిస్తున్నాను. విగ్గు కింద కడతామే, ఆ గుడ్డ. గెన్‌జూరో గారు స్వయంగా వచ్చి చెప్పారు, "ఒరేయ్, వెళ్ళు. బస్సుంది. ఆట నేను చూసుకుంటాను. వేషం రేపైనా వస్తుంది, తల్లి రాదు."

ఆ మాట నా రెండు చెవులతో విన్నాను. వెళ్ళమన్నారు. వెళ్ళు అనే అన్నారు.

మా ఆయన అద్దంలో తన ముఖం తనే చూసుకున్నాడు. సగం తెల్లరంగు పూసి ఉంది. కాసేపటికి నేల మీద రెండు చేతులూ ఆనించి వంగి, "నటుడికి కన్నవాళ్ళ కడచూపు దక్కదు గురువుగారూ. నేను ఆడతాను" అన్నాడు. గెన్‌జూరో గారి కళ్ళు చెమ్మగిల్లాయి. తెర వెనక అందరూ ఏడ్చారు. ఆ సాయంత్రం మా ఆయన ఎలా ఆడాడంటే, బాబోయ్, శాల కప్పు ఎగిరిపోయింది. ఆట మధ్యలోనే వాళ్ళమ్మ పోయింది.

ఆ తర్వాత ఆయనకి వెనుదిరిగి చూసే పనే లేకపోయింది. హీరో వేషాలు, తర్వాత సమాజం పెత్తనం, అన్నీ వచ్చాయి. నాటకానికీ డాన్సులకీ మధ్య సమాజం పెద్ద మోకాళ్ళ మీద కూర్చుని, జనానికి దండం పెట్టి నాలుగు మాటలు చెప్పడం మాలో ఆచారం. ఆ నాలుగు మాటల్లో తల్లి కథ తప్పకుండా ఉండేది. కబురు రావడం, ముఖం మీద సగం రంగు, మాట తప్పలేని నటధర్మం. గెన్‌జూరో గారు వెళ్ళమన్న మాట మాత్రం ఏ ఊళ్ళోనూ చెప్పలేదు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడో ఏమో. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు జీరపోవాలో కుదురుగా అమరిపోయాయి. జనం ఏడ్చి చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను తెర వెనక విగ్గులు దువ్వుకునేదాన్ని.

మాకు ఒక్కడే కొడుకు, హయాతారో. వాణ్ణి పెంచిన పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. వాడు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు ఒళ్ళు కాలిపోతోంది. మా ఆయన వాడి నుదురు మీద చెయ్యేసి తియ్యగా, "పాపం, వెళ్ళి పడుకో నాన్నా, ఈ పూట నేను చూసుకుంటాగా" అన్నాడు. పిచ్చి సన్నాసి నమ్మి పడుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు వాడితో మాట్లాడలేదు మహానుభావుడు.

"వెళ్ళమంది మీరే కదండీ!" అని నేను తగువుకెళ్ళాను.

"వెళ్తాడో లేదో చూద్దామని అన్నాను. నటుడైతే వెళ్ళకూడదు."

అదీ వరస. బడిలో ఆటల పండగొస్తే, "వెళ్ళిరా, సరదాగా ఉంటుంది" అనేవాడు. వెళ్తే ముఖం మాడ్చుకునేవాడు, వెళ్ళకపోతే వీపు తట్టేవాడు. మొక్కగా ఉన్నప్పుడే వంచాలంటారు కదా, ఈయన విరిగేదాకా వంచాడు. వాడు నేర్చేసుకున్నాడు. నాన్న వెళ్ళమంటే వెళ్ళకూడదు, రమ్మంటే రాకూడదు, స్టేజీ మీద నుంచి కాలు కదపకూడదు. ఇంట్లో నాన్నా అని పిలవడం కూడా మానేశాడు. ఎప్పుడూ గురువుగారే.

కోడలికి పురుటి నొప్పులొచ్చిన రోజు కూడా ఇంతే. ఈయన నన్ను పంపాడు, "నువ్వు చెప్పు, ఆస్పత్రికి వెళ్ళమను" అని. నిజమే కాబోలనుకుని వెళ్ళి చెప్పాను. హయాతారో నవ్వాడు. "అమ్మా, నిన్ను రాయబారం పంపారా? వెళ్ళనని చెప్పు" అన్నాడు. ఆ సంగతి చెబితే మా ఆయన ఛాతీ ఇంతయింది. "చూశావా, నా కొడుకు!" అన్నాడు. ఆ రోజు పుట్టిన పిల్ల హినానో. ఇప్పుడు సమాజంలో నాయిక వేషాలన్నీ దానివే.

వయసు మీద పడ్డాక మా ఆయన హీరో వేషాలు కొడుక్కి వదిలేసి ముసలి వేషాలు పట్టాడు. ఒక నాటకంలో ఊరొదిలిపోయిన జూదగాడి తండ్రి వేషం. తలుపు వెనక మంచాన పడి ఉంటాడు, మనిషి కనబడడు, గొంతొక్కటే వినబడుతుంది. "రా... ఒక్కసారి వచ్చి పోరా..." అంతే. ఆ రెండు ముక్కలకే శాలలో ముక్కు చీదని మనిషి ఉండేది కాదు.

పోయిన చలికాలం కడుపులో రాచపుండు బయటపడింది. ఆలస్యమైపోయిందన్నారు. కొకురాలో ఆస్పత్రిలో చేర్చాం. సమాజం ఒసాకాలో ఆడుతోంది. కొడుకు చూడ్డానికొస్తే ఈయన దిండుకి ఆనుకుని కూర్చుని, ముఖానికి నా దగ్గరున్న ఎర్రరంగు కాస్త రాయించుకుని మరీ, "నాకేం, రాయిలా ఉన్నాను. చెర్రీ పూలు పూసేదాకా ఢోకా లేదు. మళ్ళీ ఇటు రాకు, ఆట చూసుకో" అన్నాడు. వాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళాక మొదలైంది అసలు బాధ. ఆ గదిది పక్కకి జరిపే తలుపు. అది జరిగిన ప్రతిసారీ ఈయన తల అటు తిప్పేవాడు. నర్సమ్మ వస్తే తల తిప్పడం, గంజి తెచ్చేవాడు వస్తే తల తిప్పడం. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఒకరోజు పొద్దున్న గంజిలో ఊరేసిన రేగుపండు నలిపి పెడుతుంటే, నోరు తెరవకుండా అన్నాడు.

"ఇసో. మా అమ్మ కూడా ఇలాగే తలుపు చూసి ఉంటుంది కదే."

ఇన్నేళ్ళలో వాళ్ళమ్మ గురించి చెప్పిన మాటల్లో నిజమైన మాట అదొక్కటే.

"గురువుగారు వెళ్ళమన్నారు" అన్నాడు మళ్ళీ. "నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"వేషం కోసం ఆగాను. ధర్మం కోసం కాదు. వేషం కోసం." కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకునే ఓపిక లేదు. "వాణ్ణి పిలువు. ఒక్కసారి చూడాలి."

డాక్టరు ఆ వేళే నన్ను వరండాలోకి పిలిచి, ఇవాళో రేపో అన్నాడు. మధ్యాహ్నం ఆట అయ్యేదాకా ఫోను తియ్యరని తెలుసు, కాసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఆట అవగానే రైలెక్కితే చీకటి పడేలోపు కొకురాలో ఉంటాడు. సాయంత్రం ఆటకి హీరో వేషం వెయ్యగల కుర్రాడు సమాజంలో ఉన్నాడు కూడా. అన్నీ ఆలోచించుకునే ఫోను చేశాను.

"ఒరేయ్, బయల్దేరు. డాక్టరు ఇవాళో రేపో అంటున్నాడు."

అవతల ఎవరో నవ్వుకుంటూ అటు నుంచి ఇటు పోతున్న చప్పుడు వినబడుతోంది.

"గురువుగారేమన్నారు?" అని అడిగాడు.

"ఆయనే పిలవమన్నారు రా!"

"అమ్మా." వాడి గొంతులో ఏడుపు, నవ్వు కలిసిపోయాయి. "హినానో పుట్టినప్పుడు కూడా నువ్వే వచ్చావు."

"అప్పుడు వేరు రా సన్నాసీ! ఇప్పుడు నిజం!" అని గొంతు చించుకున్నాను. ఫోనులో చెవులు కనబడవు కదా. ఎదురుగా ఉంటే ఒక్క చూపులో తెలిసిపోయేది వాడికి.

"ఇటివ్వు" అని సైగ చేశాడు మా ఆయన. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. ఊపిరి కూడదీసుకున్నాడు. మాట్లాడాడు.

"రా... ఒక్కసారి వచ్చి పోరా..."

దేవుడా! అచ్చం ఆ నాటకంలో తలుపు వెనక గొంతే. ఆ రెండు ముక్కలే. కావాలని అన్నాడా? ఎక్కడిది, పాపం. ఆయనలో ఇంక మిగిలింది ఆ గొంతొక్కటే.

అవతల హయాతారో ఏడుస్తున్నాడు. నాకూ వినబడేంత గట్టిగా అన్నాడు, "గురువుగారూ, బ్రహ్మాండంగా పలికింది. ఈ రోజు కూడా నన్ను పరీక్షిస్తున్నారా? భయపడకండి. నేను మీ కొడుకుని. స్టేజీ దిగను. ఆట చూసుకుని, జనాన్ని సాగనంపి, పొద్దున్న మొదటి రైలుకి వస్తాను. అప్పటిదాకా ఉండండి, ఇది నా ఆజ్ఞ!"

ఫోను పెట్టేశాడు.

మా ఆయన ఫోను వైపు చూస్తూ ఉన్నాడు. నేను తిట్టడం మొదలెట్టాను. కొడుకునో, మొగుణ్ణో, గెన్‌జూరో గారినో, ఎవర్ని తిట్టానో నాకే తెలీదు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాణ్ణేం అనకే. బాగా చేశాడు." నా వేళ్ళు నొక్కి, "నేను బాగానే నేర్పాను" అన్నాడు.

ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాను. ఎవరూ తియ్యలేదు, సాయంత్రం ఆటకి గంట కొట్టేసి ఉంటారు. ఇంకోసారి, ఇంకోసారి చేశాను. ఈలోపు గది తలుపు జరిగింది. ఆయన తల తిప్పాడు. దీపం వెయ్యడానికొచ్చిన నర్సమ్మ. ఆ తిప్పిన తల అలాగే ఉండిపోయింది.

పొద్దున్న హయాతారో వచ్చాడు. తండ్రి పాదాల దగ్గర నుదురు నేలకి ఆనించి ఎంతసేపు ఏడ్చాడో. వాడి చెవుల వెనక తెల్లరంగు ఇంకా పోలేదు. లేచి నాతో అన్న మొదటి మాట, "ఒక్క ఆట కూడా ఆపలేదమ్మా." ముఖంలో ఏడుపుంది, గర్వమూ ఉంది. తండ్రి పోయినవాడికి దక్కిన ఆ కాస్తా లాక్కోవడం ఎందుకులే అనుకున్నాను.

నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక తిరిగి సమాజంలో చేరాను. కూర్చుని తింటే నాకు పొద్దుపోదు. మొదటి రోజే మధ్యాహ్నం, తెర వెనక నుంచి విన్నాను. హయాతారో మోకాళ్ళ మీద కూర్చుని, జనానికి దండం పెట్టి, మొదలెట్టాడు. ముందు నాయనమ్మ కథ. తర్వాత తన కథ. "నా గురువుగారు చివరి ఊపిరితో కూడా నన్ను పరీక్షించారు. రా అన్నారు. నేను వెళ్ళలేదు. నెగ్గాను." తండ్రి ఆగేచోటే వీడూ ఆగాడు. అక్కడే గొంతు జీరపోయింది. శాలంతా ముక్కులు చీదింది, చప్పట్లు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న హినానో కళ్ళు మెరిసిపోతున్నాయి. నేర్చుకుంటోంది పిల్ల.

ఇంక ఊరుకోలేకపోయాను. రెండాటల మధ్య వాడు అద్దం ముందు కూర్చుంటే, తలకి పట్టుగుడ్డ అంటిస్తూ అన్నాను.

"తల కదపకు. ఒక మాట చెప్తాను. మీ నాన్న ఆ రోజు పరీక్ష పెట్టలేదు. నిజంగా పిలిచాడు."

"అమ్మా, ఇప్పుడెందుకు..."

"తల కదపకన్నానా! మీ నాయనమ్మ పోయిన రోజు గెన్‌జూరో గారు వెళ్ళమన్నారు. నేను ఇలాగే గుడ్డ అంటిస్తున్నాను. మీ నాన్న హీరో వేషం కోసం ఆగిపోయాడు. ఆస్పత్రిలో నాతో చెప్పి ఏడ్చాడు. నువ్వు వస్తావని తలుపు వైపు చూసి చూసి పోయాడు."

"ఆ గొంతు... అది నాటకం గొంతమ్మా."

"ఆయనకున్నది ఆ ఒక్క గొంతే రా!"

అద్దంలో వాడు నా ముఖం వైపు చూడలేదు. నా చెవుల వైపు చూశాడు, ఇటొకటి, అటొకటి. చాలాసేపు చూశాడు. అవి ఎర్రబడలేదు. వాడి ముఖం నా చేతుల మధ్యే ముసలిదైపోయింది. ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. బ్రష్షు తీసుకుని తెల్లరంగు పూసుకోవడం మొదలెట్టాడు, నేను విగ్గు పెట్టాను.

సాయంత్రం శాల కిక్కిరిసింది. నాటకం అయింది. హయాతారో వచ్చి కూర్చుని దండం పెట్టాడు. కథ తెలిసిన ముసలమ్మలు అప్పటికే రుమాళ్ళు తీసుకుని సిద్ధంగా ఉన్నారు. వాడు నోరు తెరిచాడు, మూశాడు.

"మా నాన్న నన్ను రమ్మన్నాడు" అన్నాడు. గురువుగారనలేదు, నాన్న అన్నాడు. "నేను వెళ్ళలేదు."

జనం మిగతా కథ కోసం ఎదురుచూశారు. వాడు కథ చెప్పలేదు. హినానో వైపు తిరిగాడు.

"నేను పిలిస్తే రా తల్లీ. ఆట మధ్యలోనైనా సరే, స్టేజీ దిగి వచ్చెయ్యి. నాన్న నిజంగానే పిలుస్తాడు."

అంతలో ముందు వరసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. దాంతో శాలంతా నవ్వేసింది. "అబ్బ, కొత్తగా కలిపాడు!" అని ఎవరో అన్నారు. వెనక నుంచి ఒకాయన మెచ్చుకోలుగా "మినెగిషీ!" అని కేక పెట్టాడు. చప్పట్లు మారుమోగిపోయాయి.

హినానో నాయిక ఠీవితో రెండు చేతులూ నేలకి ఆనించి వంగింది. "గురువుగారూ, నేను స్టేజీ దిగను!" అంది.

జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నా కొడుకు నవ్వుతూ వాళ్ళకి దండం పెట్టాడు, తల ఎత్తలేదు. ఎంతసేపటికీ ఎత్తకపోతే, తెర లాగేవాడు నా వైపు చూశాడు. లాగెయ్యమని చెప్పాను.